మామిడిపండు రంగు చీరలో ఒక వెంట్రుక

కదిరి తేరు వెళ్ళిన మరుసటి వారం, ఎండలు ముదరకముందే, హిందూపురంలో మా మేడమీద గదిలో ఉన్న ఇనుపపెట్టెను ఏటా ఒకసారి తెరిచి బట్టలు ఆరబెడతాను. మూత ఎత్తగానే ముందు దవనం వాసన వస్తుంది, ఎండి పొడిపొడిగా రాలిపోతున్నా వాసన మాత్రం వదలని దవనం. దాని వెనకాలే కలరా ఉండల ఘాటు, ఆ రెంటి అడుగున ఎక్కడో పాత పట్టుకుండే ముక్కిన వాసన. అన్నిటికంటే కింద నాయన పాత పంచెలో చుట్టిన మామిడిపండు రంగు చీర ఒకటి ఉంటుంది. ముదురెరుపు అంచు, అంచు పొడవునా హంసలు. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కరూ కట్టలేదు. కొంగు మొదలు నుంచి జానెడు లోపలికి చూసుకుంటూ పోతే, పసుపు పట్టు మధ్యలో సన్నగా, ఏటవాలుగా ఒక నల్లటి గీత కనబడుతుంది. అది పోగు కాదు, వెంట్రుక. ఆరేళ్ళ వయసులో నా తల మీద ఉన్నది.

అప్పుడు మేం ధర్మవరంలో ఉండేవాళ్ళం. మా వీధిలో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, మగ్గం. ఒక ఇంట్లో మొదలైతే పక్కింట్లో అందుకునేది, అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేసరికి వీధి వీధంతా టకటకలాడుతుండేది, ఆ చప్పుడులో పుట్టి పెరిగినందుకు మాకు నిశ్శబ్దంగా ఉంటేనే నిద్ర పట్టేది కాదు. మా ఇంట్లో ముందుగది మగ్గానిదే. నాయన గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే నడుము నుంచి పైభాగమే కనబడేది, చిన్నప్పుడు నాయనకు కాళ్ళు ఉండేది మగ్గం దిగినప్పుడు మాత్రమేనని నేను నమ్మానని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నాయన ఎడమ పక్కన మడతపెట్టిన గోనెసంచి నా స్థలం. నీళ్ళ గిన్నెలో నానుతున్న కండెలను, అంటే పట్టు చుట్టిన చిన్న పుల్లలను, అడిగినప్పుడల్లా ఒక్కొక్కటే అందించడం నా ఉద్యోగం. అందులో నేను లేకపోతే చీరే లేదన్నంత గీర ఉండేది నాకు.

ఆ గదికి ఒక కట్టుబాటు ఉండేది. మగ్గం దగ్గర తల దువ్వుకోకూడదు, జడ విప్పుకొని గడప దాటకూడదు. పెళ్ళిచీరలో వెంట్రుక వస్తే కట్టుకునే పిల్లకు మంచిది కాదని కొనేవాళ్ళు చీరనే పక్కకు తోసేవారు. అందుకని అమ్మ నన్ను పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె కారేలా రాసి, కళ్ళు పైకి లాక్కుపోయేంత గట్టిగా జడ వేసి, భుజాలు దులిపి పంపేది. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను ఉండ చుట్టి గోడ బొక్కలో దాచేది. నెలకొకసారి సైకిల్ మీద వచ్చే వెంట్రుకలాయన ఆ ఉండలు తీసుకొని అమ్మకు పిన్నీసులు, నాకొక బుడగ ఇచ్చేవాడు. ఇంత జాగ్రత్తపడినా నాయన రోజూ పొద్దున మగ్గమెక్కే ముందు పడుగు మీద, అంటే నిలువు పోగుల మీద, అరచేయి ఆనించి, అటు నుంచి ఇటు దాకా మెల్లగా నిమిరి చూసుకునేవాడు. తెగిన పోగు గానీ, ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన నూలుపీచు గానీ ఆ చేతికి తెలియకుండా పోయేది కాదు.

ఆ రోజులన్నీ నాకు తిండి పేర్లతోనే గుర్తున్నాయి. ఆదివారం పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఉగాదికి నెయ్యి కారే ఓళిగలు. చెనిక్కాయలు పెరికే కాలంలో ఏ ఇంటి ముందుకు పోయినా ఉప్పేసి ఉడకబెట్టిన కాయల ఆవిరి. ఎండాకాలం సెలవుల్లో పెనుకొండలో అవ్వ చేసే వేడి రాగిసంగటి, రోట్లో నూరిన ఊరిబిండి. అవ్వ అంటే అమ్మ వాళ్ళ అమ్మ. కొండ కింది వీధిలో ఒక్కతే ఉండేది. ఆమెకు పిరుదుల దాకా జుట్టు, అందులో నెరిసింది కూడా తక్కువే, దాన్ని చూసుకొని మా అమ్మకు పుట్టినిల్లంటే గర్వం. స్నానం చేసి మిద్దె మీద జుట్టారబెట్టుకుంటే వీధిలో ఆడవాళ్ళు తలలెత్తి చూసేవారు, వాళ్ళు చూస్తున్నారని తెలిసి అవ్వ ఇంకాసేపు ఆరబెట్టేది.

నేను ఒకటో తరగతిలో ఉండగా, దసరా సెలవులు అయిపోయిన వారానికి జ్వరం వచ్చింది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఉగ్గాని తట్ట ముందు పెట్టినా వద్దనేదాన్ని. తర్వాత కాళ్ళ మీద నీలం మచ్చలు లేచాయి. మా పంతులమ్మ అమ్మను బడికి పిలిపించి, పిల్లను ఇంతగా కొడతారా అని కేకలేసింది. ఏనాడూ నా మీద చేయెత్తని అమ్మ అక్కడే నిలబడి ఏడ్చేసింది. అవ్వ వచ్చి ఉప్పు, మిరపకాయలు దిష్టి తీసింది, నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదని తలపట్టుకుంది. ఇంతలో పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. అప్పుడు హిందూపురం డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన పొట్ట నొక్కి చూసి, రక్తం తీయించి, కాగితం వచ్చాక నాయనను లోపలికి పిలిచి తలుపు వేశాడు. బయటికొచ్చిన నాయన నన్నెత్తుకున్నాడు. ఆరేళ్ళ పిల్లను, ఎత్తుకొనే స్టేషన్ దాకా నడిచాడు.

రక్త క్యాన్సర్ అనే మాట ఆ రోజు నా ముందు ఎవరూ అనలేదు. అవ్వయితే చివరిదాకా ఆ పేరు నోట పలకలేదు, 'ఆ రగతం జబ్బు' అనే అనేది. హిందూపురం స్టేషన్లో మార్కెట్ వైపు నుంచి చింతపండు, బెల్లం వాసన గాలికి కొట్టుకొస్తుంటే, బెంగళూరు రైలు కోసం మేం బెంచీ మీద కూర్చున్నాం. అవ్వ కూలీ ఒకాయనను పట్టుకొని, "ఏమప్పా, కదిరి ఏ పక్క ఉండాది?" అని అడిగింది. ఆయన పట్టాలకు అడ్డంగా చెయ్యి చూపించాడు. అవ్వ చెప్పులు విడిచి ఆ వైపు తిరిగి దండం పెట్టి, అందరికీ వినబడేలా మొక్కుకుంది.

"నరసింహసామీ, బిడ్డ బతికి నా చేతికొస్తే నీ కాడికొచ్చి తలనీలాలిస్తాం."

బెంగళూరులో ఆసుపత్రి గురించి నాకు గుర్తున్నది తక్కువ, గుర్తున్నంత వరకూ బాగా గుర్తుంది. మోకాళ్ళు పొట్టకు ఆనించి ముడుచుకొని పడుకుంటే నడుములో గుచ్చే సూది. సీసాలోంచి చుక్కచుక్కగా దిగే ఎర్రమందు, అది ఎక్కించిన రోజు పాసు కూడా ఎర్రగా వస్తే చచ్చిపోతున్నానని నేను పెట్టిన గోల. "ఊట ఆయ్తా పుట్టా?" అని రోజూ కన్నడంలో పలకరించే నర్సు. ఆమె పలకరించేది అన్నం గురించి కాబట్టి నాకామె అంటే ప్రాణం, ఎందుకంటే ఒక రకం మాత్రలతో అప్పుడు నాకు రాక్షసి ఆకలి పట్టుకుంది. పొద్దున ఐదింటికి లేచి చిత్రాన్నం కావాలనేదాన్ని, తిన్న చేయి కడగకముందే మధ్యాహ్నానికి ఏం వండుతారని అడిగేదాన్ని. ముఖం పూర్ణం కుడుములా ఉబ్బింది. అవ్వ ఆసుపత్రి ఎదుట వీధిలో గది అద్దెకు తీసుకొని, పంపు స్టవ్వు మీద వండి వండి, ఇంత తిండి తినే పిల్లకు జబ్బేంటని డాక్టర్లనే అనుమానించింది.

మూడో వారంలో ఒక పొద్దున లేచేసరికి దిండు మీద నా జుట్టు. చేత్తో పట్టుకుంటే గుప్పెడు ఊడొచ్చింది, నొప్పే లేదు. నాకు బాధ కలగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను లెక్కేసింది వేరే.

"అమ్మా, ఇంత జుట్టుకు వెంట్రుకలాయన రెండు బుడగలిస్తాడు కదా?"

అమ్మ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. అవ్వ మాత్రం దిండు మీదివన్నీ ఏరి, ఉండ చుట్టి, కాగితంలో పెట్టి కొంగున ముడివేసుకుంది. తర్వాత దాన్ని ఏటిలో వదిలేసిందని విన్నాను. ఊడినది మొక్కుకు పనికిరాదని, కత్తి పెట్టి ఇచ్చిందే దేవుడికి చెల్లుతుందని ఆమె దిగులు. పిల్ల బతకకముందే జుట్టు పోయింది, ఇప్పుడు స్వామికి ఏమివ్వాలి అని.

నెల దాటాక, రక్తకణాలు కాస్త పెరిగాయని నాలుగు రోజులు ఇంటికి పంపారు. తలలో అక్కడక్కడా కొంచెం జుట్టు ఇంకా వేలాడుతుండేది. ఇంట్లో నాకు వెనకగదిలో మంచం వేశారు. జనం రాకూడదు, దుమ్ము తగలకూడదు, పచ్చి చట్నీలు, బయటి తిండి వద్దు. అన్నిటికంటే పెద్ద శిక్ష, మగ్గం గదిలోకి పోకూడదు. గోడ అవతల నాయన నేస్తున్న చప్పుడు వింటూ, కండెలెవరు అందిస్తున్నారా అని కుళ్ళుకుంటూ రెండు రోజులు గడిపాను. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే, తలకు కట్టిన గుడ్డ దురదపెడుతోందని పీకి పారేసి, గోడ పట్టుకొని నడుచుకుంటూ వెళ్ళి గడప మీద నిలబడ్డాను.

మగ్గం ఆగింది. నాయన నా తల వైపు చూశాడు, నా కాళ్ళ వైపు చూశాడు. పొమ్మంటాడనుకున్నాను.

"రా. ఈడ కూర్చో. అమ్మకు చెప్పద్దు," అన్నాడు.

గోనెసంచి అక్కడే ఉంది. మగ్గం మీద మామిడిపండు రంగు పడుగు, ముదురెరుపు అంచు. కండె అందించాను. ఇంకోటి అందించాను. మూడోది అందించేటప్పుడు వంగానో, తల గోక్కున్నానో తెలియదు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను, అంత హాయి మళ్ళీ చాలా కాలం ఎరగను.

ఆ చీర పూర్తయ్యేసరికి మేం మళ్ళీ బెంగళూరులో ఉన్నాం. తర్వాతి సారి ఇంటికి వచ్చిన రోజే, నాయన నేసిన చీరలు తీసుకునే షావుకారు మనిషి చీర తెచ్చి మా గడప మీద పరిచాడు. వెనకగది తలుపు సందులోంచి నేను చూస్తున్నాను.

"ఏమప్పా, ఇన్నేండ్ల నేత, ఎప్పుడన్నా తప్పు పట్టినామా నిన్ను? పెండ్లిచీరలో వెంట్రుకేంది? ఎవురు కొంటారు దీన్ని?"

"కండ్లు సరిగా ఆనలేదు," అన్నాడు నాయన, అంతే. నా పేరు ఎత్తలేదు. చీర మడిచి లోపల పెట్టాడు. అమ్మ విషయం తెలుసుకొని నాయనను తిట్టింది, పిల్లను దుమ్ములో కూర్చోబెట్టినందుకు ఒకటి, చీర పాడుచేసుకున్నందుకు ఒకటి. వెంట్రుక నాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు. సూదులు గుచ్చినప్పుడు ఏడవని దాన్ని ఆ రోజు దుప్పటి కప్పుకొని ఏడ్చాను. జబ్బు తగ్గకపోతే అది ఈ తప్పు చేసినందుకేనని చాలా రోజులు లోలోపల భయపడ్డాను, ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా మందులు. రోజూ రాత్రి అన్నం తిన్నాక మాత్ర, వారానికొకసారి చిన్న పచ్చమాత్రలు కొన్ని కలిపి, నెలకొకసారి పొద్దుటి రైలు. ధర్మవరంలో నేను, అమ్మ ఎక్కితే, పెనుకొండలో క్యారియరు పట్టుకొని అవ్వ ఎక్కేది. ఎక్కుతూనే క్యారియరు ఇంకా సీటు మీద పెట్టకుండానే "కౌంటెంత ఉండాది?" అని అడిగేది, చదువు రాకపోయినా రక్తకణాల లెక్కను అలా అంటారని నేర్చుకుంది. గౌరీబిదనూరు దాటేలోపు నెయ్యన్నం తినిపించేది, దొడ్డబళ్ళాపురం వచ్చేసరికి సూది గుర్తొచ్చి నేను వాంతి చేసుకునేదాన్ని. కౌంటు పడిపోయిన నెలల్లో బడి మాన్పించి నన్ను పెనుకొండలోనే ఉంచేవారు. కొండ మీది కోట గోడలను కిందినుంచి చూస్తూ, అవ్వ మిద్దె మీద చాప వేసుకొని, ఆమె ఉడికించి వలిచి పెట్టిన చెనిక్కాయలు తింటూ, వీధిలో పిల్లలు బిళ్ళంగోడు ఆడుతుంటే పైనుంచి అంపైరుగిరీ చేసేదాన్ని. నా తీర్పు తప్పని ఎవరైనా అంటే, గుండు పిల్లతో పోట్లాడితే మా అవ్వకు చెప్తానని బెదిరించేదాన్ని. అది బాగా పనిచేసేది.

ఆ మిద్దె మీదే నా జుట్టు మళ్ళీ మొలిచింది. ముందు మసి పూసినట్టు, తర్వాత కోడిపిల్ల ఈకల్లా, ఆ తర్వాత ఎవరూ అనుకోని విధంగా ఉంగరాలు ఉంగరాలుగా. మా వంశంలో ఉంగరాల జుట్టు లేదు. అమ్మ దువ్వెన పెడితే ఇరుక్కునేది. అవ్వ వేళ్ళు పెట్టి చిక్కు తీస్తూ, "ఇది మన జుట్టు కాదే, యాడిదో వచ్చి మొలిచె," అనేది, అంటూనే ఉంగరాన్ని లాగి వదిలి నవ్వేది. నాకు ఆ జుట్టంటే ఎంత ముద్దో చెప్పలేను. అద్దం ముందు నుంచి కదిలేదాన్ని కాదు.

తొమ్మిదేళ్ళప్పుడు డాక్టరు ఇక మాత్రలు ఆపేయమన్నాడు. ఆ ఏడు తేరుకే కదిరి ప్రయాణం. మొక్కు సంగతి నాకు తెలుసు గానీ అది నా తలకు సంబంధించిందని ఎందుకో తోచలేదు. తేరు మీద జనం మిరియాలు, దవనం విసురుతుంటే వీధంతా ఘుమఘుమలాడుతోంది, కింద పడ్డ మిరియాలు ఏరుకుంటూ నేను ఆనందంగా ఉన్నాను. అక్కడి నుంచి గుండ్లు చేసేచోటికి తీసుకుపోయారు. మంగలాయన నీళ్ళు చల్లి, కత్తి తుడిచి, రమ్మన్నాడు. రెండు చేతులతో తల పట్టుకొని వెనక్కి పరుగెత్తాను. నాయన పట్టుకున్నాడు, అమ్మ బతిమాలింది, స్వామి కోపగించుకుంటాడంది. నేను కింద పడి దొర్లుతున్నాను. రెండున్నరేళ్ళు ఏ డాక్టరు చేయి చాపమన్నా చాపిన పిల్లను, ఆ రోజు మాత్రం ఎవరి మాటా వినలేదు.

అవ్వ మా మధ్యకు వచ్చింది. అందరికీ వినబడేలా అంది.

"వదలండి దాన్ని. దాని జుట్టు అది ఒగసారి ఇచ్చేసింది. ఇంగెన్నిసార్లు అడుగుతాడు సామి?"

"మొక్కుకుంటివి కదమ్మా," అంది అమ్మ.

"మొక్కింది నేను. ఇచ్చేది గూడా నేనే."

కొప్పు ముడి విప్పి, మంగలాయన ముందు పీట మీద కూర్చుంది. ఆ జుట్టు నేల మీద పడటం నేను చూశాను, ఎంతసేపు పడిందో. లేచి, తల తడుముకొని, నా వైపు చూసి నవ్వింది. కొంగు నిండా దవనం కొనుక్కొని, బస్సులో నా ఉంగరాలు నిమురుకుంటూ పెనుకొండ దాకా వచ్చింది. ఆ తర్వాత ఆమె జుట్టు భుజాలు దాటి పెరగలేదు, మిద్దె మీద ఆరబెట్టుకోవడం మానేసింది. నేను పదో తరగతి ప్యాసైన ఏడు పోయింది. పెట్టెలోని దవనం అప్పటి అలవాటే, ఏటా కొత్తది తెచ్చి పాతదాని మీద పెడతాం.

ఇప్పుడు నేను హిందూపురంలో బడిపంతులమ్మను. అమ్మ, నాయన నాతోనే ఉంటారు. ధర్మవరంలో మా మగ్గం విప్పేశారు, గుంట పూడ్చి బండలు పరిచారు, ఆ గదిలో ఇప్పుడెవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. వీధిలో మరమగ్గాల రొద ఉంది గానీ, ఒక ఇంటి నుంచి ఇంకో ఇల్లు అందుకునే ఆ చప్పుడు లేదు. బుడగలిచ్చే వెంట్రుకలాయన రాడు. పెనుకొండ స్టేషన్లో రైలాగితే నేను ఇప్పటికీ తలుపు వైపు చూస్తాను, క్యారియరు పట్టుకొని ఎవరూ ఎక్కరు.

ఈసారి పెట్టె తెరిచినప్పుడు నాయన మేడ మీదికి వచ్చి పక్కన కూర్చున్నాడు. చీర ఎండలో పరిచాను. పసుపు పట్టు ధగధగమంటుంటే దాని మీద ఆ నల్ల గీత నాలుగడుగుల దూరం నుంచి కూడా కనబడుతోంది. ఇన్నేళ్ళూ చీరను మడతల మీదే ఆరబెట్టి, ఆ వెంట్రుకను దగ్గర పెట్టుకొని చూశానే గానీ, ఇలా పరిచి దూరం నుంచి చూడలేదు. పడుగు మీద పీచు పడితే అరచేత్తో కనుక్కునే మనిషికి ఇది తెలియకపోవడమేంటి?

"నాయనా, ఆ పొద్దు నీకిది కనబడలేదా?"

"కనబడకేం? పడినప్పుడే చూసినా."

"మరి తీయలేదే?"

నాయన చీర వైపే చూస్తున్నాడు.

"నువ్వుంటావో పోతావో తెలీదు కదమ్మా అప్పుడు. నీదంటూ ఒగటి ఇంట్లో ఉండాలనిపించె. పట్టయితే నూరేండ్లుంటాదని నేసేసినా."

ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు. పాడుచేశానని ఇన్నేళ్ళు మోసిన చీర అది. నాయన చీర దగ్గరికి జరిగాడు.

"ఇప్పుడు నువ్వుండావు కదా, ఇంగ అదెందుకు? సూది తే, తీసేస్తా. కట్టుకుందువు."

సూది తేలేదు. చీర తీసుకొని కిందికి పోయి, ఉన్నదున్నట్టే కట్టుకొని వచ్చి నాయన ముందు నిలబడ్డాను. నాయన లేచి, కళ్ళద్దాలు పైకి తోసి, కొంగు చేతిలోకి తీసుకొని, పాత అలవాటు ప్రకారం అటు నుంచి ఇటు దాకా అరచేత్తో నిమిరాడు. వెంట్రుక ఉన్నచోట చేయి ఒక క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది.

"తప్పేం లేదు ఇందులో," అన్నాడు.